హరిత సర్వర్‌లో నేను వేలు పెట్టిన రోజు

ఏమే భార్గవీ, వెబ్ ప్రోగ్రామింగ్ కోర్సులో చేరి పట్టుమని పది రోజులు కాలేదు, తెర మీద 'అంతా సరే' అనే 200 కనపడగానే పెళ్లి కుదిరినంత వెలుగేందే ఆ మొహంలో? ఇట్లా కూర్చో. మీ శశికాంత్ బావ కథ చెబుతాను.

వాడూ ఇదే నేర్చుకోవడానికి నరసరావుపేటలో చేరాడు. అక్కడే, అడిగినదానికి జవాబిచ్చే సర్వర్ రాస్తున్న హరితతో పరిచయమే తగువుతో మొదలైంది.

"మీ సర్వర్ పనిచెయ్యట్లేదండీ. 404 అంటంది."

"సర్వర్ బానే ఉంది. మీరడిగిన అడ్రసే లేదు. మాచర్లలో దిగి మాచవరం ఇల్లు వెతికితే దొరుకుద్దా?"

మర్నాడు 401 వచ్చింది.

"ఎవరో చెప్పకుండా అడిగితే ఎవరిస్తారు? గుర్తింపు చీటీలాగా టోకెన్ పెట్టండి," అంది.

మూడో నెలకి అండీలు రాలిపోయాయి.

అప్పుడే మా అన్నయ్య వెంకట్రామయ్య, ఆదివారం మాచర్లలో శశికి పిల్లని చూడ్డానికి వస్తామని మాటిచ్చేశాడు. శశిగాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, నాన్నకి నువ్వు చెప్పు."

"ముందు హరిత నిన్ను చేసుకుంటానందా?"

"ఇయ్యాల అడుగుతా. తన సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి."

"నోరేమైందిరా?"

"భయం."

నేను ఊరుకుంటానా? ల్యాబ్ చూసే మన్సూర్‌ని టీకి లాక్కుపోయాను.

"ఏ నంబరొస్తే వీడు ఏడుస్తాడు?"

"403 బాబాయ్. నువ్వెవరో తెలుసు, అయినా రానివ్వను అని."

"హరిత ఏం చెప్పినా అదే వచ్చేట్టు చెయ్యి. ఓ గంట ఏడిపిద్దాం."

403 వచ్చింది. శశి తెర వంక చానాసేపు చూసి, తల పట్టుకున్నాడు. గంటయినా లేవలేదు. అన్నం తినలేదు. సాయంత్రం వాన మొదలైతే మా వరండాలో ముడుచుకుని, "ఆ మాచర్ల పిల్లనే చేసుకుంటాలే బాబాయ్," అన్నాడు.

నంబరు మార్పించింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. వానలోనే అన్నయ్య దగ్గరికి పోయాను.

"అన్నయ్యా, మాచర్లకి రావట్లేదని చెప్పు. వాడికి నచ్చిన పిల్లుంది. బంగారం లాంటి పిల్ల. పూచీ నాది."

"నువ్వా? పుట్టాక ఒక్క నిజమన్నా చెప్పావట్రా?"

"అందుకే, ఇదొక్కటి నమ్ము."

అన్నయ్య నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, ఫోన్ తీశాడు.

తిరిగొచ్చేసరికి వరండాలో వాడి పక్కన హరిత.

"ఒరేయ్, ఆ 403 నేను పెట్టించిందిరా. మళ్లీ అడుగు."

"మళ్లీ ఎందుకు బాబాయ్ గారూ?" అంది హరిత. "మన్సూర్ మార్చింది పైన నంబరొక్కటే. నేను రాసిన జవాబు దాని కిందే ఉంది."

శశిగాడు ఫోన్ నా ముందు పెట్టాడు. కళ్లజోడు తుడుచుకుని చదివాను.

"నాకు సరే. మన్సూర్ అంతా చెప్పాడు. సాయంత్రం దాకా దిగులుగా కూర్చో. మీ బాబాయే పోయి మావయ్యని ఒప్పించుకొస్తాడు."

ఇద్దరూ పొడిగా ఉన్నారు. నా చొక్కా మాత్రం నీళ్లు కారుతోంది.