కెజయా చించిన ఆకు

డెల్మర్ మూడోసారి పొయ్యి దగ్గరికి వెళ్ళి, కాఫీ పోసుకోకుండానే తిరిగొచ్చాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ అవతల కెంటకీ కొండల మీద మంచు విడుతోంది. శనివారం ఆ కొండవాలునే అబ్సలమ్ హాగిన్స్ సమాధికి కొత్త రాయి నిలబెడుతున్నారు.

వాళ్ళ వంశానికి అబ్సలమ్ మూలపురుషుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, పందొమ్మిదో ఏట ప్రజాసేనలో చేరి ఒక కోటకు కాపలా కాశాడు. యుద్ధం ముగిశాక కొండలు దాటి వచ్చి, ఈ వాగు ఒడ్డున అడవి కొట్టి ఇల్లు కట్టాడు. భార్య పోయిన దగ్గర్నుంచి డెల్మర్ రోజులన్నీ ఆయన జాడ వెతకడంలోనే గడిచాయి.

"కూర్చో నాన్నా, రొట్టె చల్లారిపోతోంది," అంది కూతురు మేబెత్. "శనివారానికి వెర్నా అత్తను పిలిచావా?"

"దొంగల్ని పిలవడమెందుకు?"

పదకొండేళ్ళ కిందట డెల్మర్ తల్లి పోయాక, ఆమె పెట్టెలో దాచుకున్న తరతరాల నాటి బైబిల్‌ని మొదటిసారి తెరిస్తే, పెళ్ళిళ్ళూ పుట్టుకలూ రాసుకునే ఆకు లేదు. ఆమె ఆఖరి ఏడాది వెర్నా ఇంట్లోనే ఉంది. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు.

మేబెత్ ఒక కవరు అతని ముందుకు తోసింది. "అబ్సలమ్ సైన్యం కాగితాల నకళ్ళు, నిన్న వచ్చాయి. చదివి చెప్పు, ఎవరు దొంగో."

కాగితాల ప్రకారం, అబ్సలమ్ పోయాక భార్య కెజయా సైనికుడి వితంతువుగా ప్రభుత్వాన్ని పింఛను అడిగింది. పెళ్ళికి ఋజువు చూపమన్నారు. గుమాస్తా ఆమె మాటల్ని రాసుకున్నాడు: 'సాక్షులెవరూ బతికి లేరు. నా బైబిల్లోని ఈ ఆకే నాకు ఋజువు. నా చేత్తోనే చించి ఇస్తున్నాను.' కింద, సంతకం రాని చేతి గీత. పక్కనే ఆ ఆకు నకలు.

డెల్మర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "నాకేం తెలుసు?"

"తెలీదు సరే. ఒక్కసారైనా అడిగావా? అత్త చర్చిలో పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోయావు!"

డెల్మర్ బైబిలూ, కవరూ చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

వెర్నా వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "దారి తప్పావేరా తమ్ముడూ?"

అతను బైబిల్ తెరిచి, చిరుగు అంచుకు నకలు ఆనించాడు. వంపుకు వంపు సరిపోయింది. వెర్నా రెండుసార్లు చదివింది.

"నన్ను క్షమించక్కా."

"ఊరుకో. నేనేం తక్కువ తిన్నానా? వంశవృక్షం పిచ్చిలో నువ్వే చించి దాచుకున్నావని ఊరంతా చెప్పాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వెర్నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంటూ ఆకు మీది పేర్ల వెంట వేలు నడిపింది. చివరి రెండు పేర్లు పురిట్లోనే పోయిన పిల్లలవి.

"వీళ్ళ గుర్తుగా ఆమెకు మిగిలింది ఇదొక్కటే కదరా. దీన్నీ ఇచ్చేసింది." తలెత్తి అడిగింది. "రాయి మీద కెజయా పేరుందా?"

అతను తల దించుకున్నాడు. "లేదు."

"చెక్కించు. అప్పుడైతేనే శనివారం వస్తాను."

డెల్మర్ అక్కడే నిలబడి రాయి చెక్కే మనిషికి ఫోన్ చేశాడు. అతను సరేననేసరికి వెర్నా చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, తమ్ముడికి కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఆ ఉదయం మొదటిసారి అతను కుదురుగా కూర్చున్నాడు.