గుంజకు అందని నూకాలు

ఒరేయ్, ఆ జంతికలు కరకరలాడించడం ఆపండి! మీ చప్పుడుకి నా కథ నాకే వినపడట్లేదు.

సింగమాల రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. నల్లకొండ మీదకి గుడ్లరాయుడని ఒంటికన్ను రాక్షసుడు దిగాడు. వాడి చూపు తగిలితే మనిషి రాయైపోతాడు. రాజుగారు మూడుసార్లు దండుని పంపారు. మూడుసార్లూ కొండ మీద బండలు పెరిగాయంతే. తొలకరి చినుకు పడేలోగా వాడు చావకపోయాడా, ఆ బండలు ఇంక మనుషులు కావు. వాటిలో ఒకటి సన్యాసి అనే కుర్రాడు. వాడి చెల్లెలే మన నూకాలు. కొండతేనె తీసేవాళ్ల పిల్ల. పదహారేళ్లొచ్చినా మనిషి మా గేదె తోకంత!

కొత్త దండు కడుతున్నారంటే నూకాలూ వెళ్లింది. కోట ముందు గుంజ, దానికో ఇనుప కడియం. నెత్తి ఆ కడియానికి తగలాలి. తర్వాత తక్కెడ. అవతలి పళ్లెంలో తిరగలి రాయి, ఇవతల మనిషి. మనిషి పళ్లెం నేలకి దిగాలి. ఒకడు బిందెడు మజ్జిగ తాగొచ్చాడు. ఇంకొకడు గోచీలో గులకరాళ్లు కట్టుకొచ్చాడు. నేనైతే రెండూ చేసేవాణ్ణి!

నూకాలు నెత్తి కడియానికి మూడు జానల కిందే ఆగిపోయింది. తక్కెడెక్కితే పళ్లెం గాల్లోకి లేచి ఊగింది.

దండుపెద్ద వీరమల్లు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉయ్యాల బాగుందా అమ్మా? ఇంటికెళ్లి ముద్దపప్పు తిను, పో."

"మీ కడియానికి అందినోళ్లంతా ఏరండీ? కొండ మీద కాకులకి పీటలయ్యారు," అంది నూకాలు. తాడు, కత్తి, పొగ పెట్టే ఎండుగడ్డి కట్ట తీసుకుని ఒక్కతే అడవి దారి పట్టింది.

అడవిలో పుట్టలోంచి ఒక ముని తల బయటపెట్టాడు. "పిల్లా, మంత్రం ఇస్తాను. తాడిచెట్టంత పెరుగుతావు, ఏనుగంత బరువెక్కుతావు."

"వద్దు తాతా. ఈ ఒంటితో వెళ్లకపోతే ఆ గుంజే గెలిచినట్టు."

"ఆరొందల ఏళ్ల తపస్సే! ఊరికే ఇస్తుంటే వద్దంటుంది!" అని ముని మూతి ముడుచుకున్నాడు. "పోనీ, ఇది విను. ఆ రాక్షసుడి మెడ వంగదు. వాడి ప్రాణం కొండ అంచు కింద తేనెపట్టులో ఉంది."

ముందుకెళితే లోయ. దాని మీద తీగల వంతెన. దాని కొస ఒక ముసలి ఉడుము నోట్లో ఉంది. "మీ దండు తొక్కుడికి నా పళ్లు సగం రాలాయి," అంది పళ్ల సందున. "నువ్వు కూడా ఎక్కుతావా? ఎప్పుడెక్కుతావు?"

"ఎక్కేశాను, దిగేశాను కూడా!" అంది నూకాలు అవతలి ఒడ్డు నుంచి.

కొండ మీద బండలన్నీ ఒకే ఎత్తు. కూర్చున్న రాక్షసుడి చూపు తిన్నగా వాటి తలల మీదకే వస్తోంది. అచ్చంగా కడియం ఎత్తు! రాజుగారు ఇన్నాళ్లూ ఏరి ఏరి వాడి చూపుకి అందేవాళ్లనే పంపారన్నమాట. నూకాలు ఆ చూపు కింద నుంచే నడిచింది.

"ఎవరది? అడుగుల చప్పుడే లేదు! పిల్లివైతే మ్యావ్ అను!"

"అనను. నేను నూకాల్ని. మా అన్న కోసం వచ్చాను."

"పైకి లే, మొహం చూస్తా!"

"నువ్వే వంగు!"

వాడు వంగలేక గింజుకుంటుంటే నూకాలు అంచు దగ్గరికి చేరింది. తేనె తీసేవాళ్లలో పైన తాడు పట్టేది అన్నే. అందుకే తాడు రాతి సన్యాసి నడుముకే కట్టి, కిందికి దిగి, గడ్డి అంటించి పొగ పెట్టింది. తేనెటీగలు లేచాయి. కత్తి వేసింది. పట్టు తెగిపడింది. పైన రాక్షసుడు ఒక్క కేకతో బూడిదైపోయాడు.

అయితే రాయి కాస్తా మనిషైంది కదా! సన్యాసి తూలి అంచు దాకా జారాడు. కళ్లు నలుపుకోకముందే చేతులు తాడు పట్టేశాయి, అలవాటు మరి.

"నూకీ, కింద ఉన్నావా?"

"తర్వాత అడుగుదువుగాని, ముందు లాగరా అన్నా!"

లాగేశాడు. ఆ పిల్ల తిరగలి రాయంత బరువుంటే ఇద్దరూ లోయలోనే!

తొలకరి చినుకులు కోట దగ్గర పడ్డాయి, బతికొచ్చిన దండు నెత్తిన. రాజుగారు మురిసిపోయి, "దండుపెద్దవి నువ్వే. మా చిన్నవాణ్ణి కూడా చేసుకో," అన్నారు.

"ముందు తాడు పట్టడం నేర్చుకోమనండి, చూద్దాం," అంది నూకాలు. గుంజ పీకించి, పొయ్యిలో పెట్టించి, దండు మొత్తానికి పాయసం వండించింది. పొయ్యి ఊదింది ఎవరు? వీరమల్లే!

కథ కొండ దిగింది. ఇంక మీరు అరుగు దిగండి. ఆ జంతికల డబ్బా మాత్రం ఇటివ్వండి.