నాలుగో అంతస్తులో జర్మనీ

జర్మనీలో ఉండాల్సిన అమ్మాయి బెంగుళూరు ఆసుపత్రి నాలుగో అంతస్తులో, కీళ్ళవాతం క్లినిక్ ముందు, పద్నాలుగో నంబరు టోకెన్ పట్టుకుని కూర్చుంది. నాది పదిహేను.

నాలుగు నెలల క్రితం హొసకోటెలో వాళ్ళింటికి పెళ్ళిచూపులకు వెళ్ళాం. పేరు కిరణ్మయి. ఇరవై నిమిషాలు మాట్లాడుకుంటే పదిహేను నిమిషాలు నన్ను ఆటపట్టించింది, మిగతా ఐదు కాఫీ తాగింది. నేను చిత్తయిపోయాను.

ఆ వారమే నా నడుంనొప్పికి పేరు దొరికింది. అంతకుముందు రెండేళ్ళు ఒక డాక్టరు నా ఆఫీసు కుర్చీని తప్పుపట్టాడు, ఇంకొకాయన పరుపుని. డాక్టర్ గీతాంజలి ఒక్కరే, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే నొప్పా అని అడిగి, స్కానింగ్ తీయించి, వెన్నుకు కీళ్ళవాతం అని చెప్పారు. రోజూ వ్యాయామం, నెలకు రెండు ఇంజెక్షన్లు. కుర్చీ నిర్దోషిగా విడుదలైంది.

నిజం చెప్పి అమ్మాయిని భయపెట్టడం కంటే అబద్ధమే మర్యాద అనుకుని, జాతకాలు కలవలేదని అమ్మచేత ఫోన్ చేయించాను. అమ్మ మాట పూర్తికాకముందే వాళ్ళ నాన్న నరసింహప్ప గారు, పాపని ఆఫీసువాళ్ళు రెండేళ్ళు జర్మనీ పంపుతున్నారని చెప్పేశారు. ఇరుపక్షాలూ ఎంతో మర్యాదగా ఫోన్లు పెట్టేశాయి.

"జర్మనీలో వానలెలా ఉన్నాయండీ?" అన్నాను పక్క కుర్చీలో కూర్చుంటూ.

ఆమె కంగారు పడనైనా పడలేదు. "బాగున్నాయి. కాస్త దూరం జరగండి ఓంకార్ గారూ. జాతకాలు కలవనివాళ్ళం, ఏ ప్రమాదమైనా జరగొచ్చు."

తర్వాత వాపెక్కిన వేళ్ళు చూపించింది. రిపోర్టు ఆమెకూ ఆ వారమే వచ్చిందట. ఆ రోజు కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుంటే సిగ్గనుకుని మురిసిపోయిన మేధావిని నేను.

మూత రాని నీళ్ళ సీసాని నా ముందుకు తోసింది. నేను తిప్పాను. మూత జారి కుర్చీ కిందకు దొర్లింది. నేను వంగలేను. ఆమె మూతనీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇద్దరం కలిస్తే ఒక మనిషి తయారవుతాడేమో అంది. అది ప్రేమను ఒప్పుకోవడమేనని పెళ్ళయిన ఈ ఏడు వారాలుగా వాదిస్తున్నాను. వైద్యపరమైన పరిశీలన మాత్రమేనని ఆవిడ వాదన.

నాన్నగారేరీ అని అడిగాను. కింద కారులో ఉన్నారట. ఊరివాళ్ళెవరైనా చూస్తే కూతురికి పెళ్ళి కాదని, నాలుగు నెలలుగా ఆయన ఈ లిఫ్టు ఎక్కలేదట. ఆదివారం ఇంకో సంబంధంవాళ్ళు తాంబూలాలకు వస్తున్నారు. వాళ్ళకు జబ్బు సంగతి తెలీదు.

"వారానికోసారి మాత్ర వేసుకోవల్ల నేను. మొగుడికి తెలీకుండా వేసుకోమంటాడు మా నాయన," అంది. ఈసారి నవ్వలేదు.

నేను లేచి కిందకు వెళ్ళాను. వానలో తడుస్తూ కారు అద్దం తట్టాను. జాతకాల మాట అబద్ధమని, నాదీ ఇదే క్లినిక్ అని, నా ఇంజెక్షన్లు ఇంట్లో ఫ్రిజ్‌లో పాల పక్కనే ఉంటాయని, మా ఇంట్లో మీ అమ్మాయి ఏ మాత్రా దాచుకోనక్కర్లేదని ఒక్క గుక్కలో చెప్పేశాను. మా అమ్మకూ తెలుసన్నాను.

ఆయన అద్దం పూర్తిగా కిందకు దించాడు. "నీకూ ఉండాది, పాపకూ ఉండాది. ఇద్దురూ ఒకేతూరి మంచాన పడితే ఎవురు చూస్తారప్పా?"

"అలాంటి రోజు రావచ్చు సార్. కానీ నొప్పి నిజమేనని ఒకరికొకరం నిరూపించుకునే పని మాత్రం ఉండదు."

ఆయన అద్దం పైకెత్తేశాడు.

తడిసి ముద్దై పైకి వచ్చి ఆ సంగతి చెప్పాను. వానకు అద్దం ఎత్తుంటాడులే అంది కిరణ్మయి, కానీ ఆమె చూపు లిఫ్టు మీదే ఉంది.

లిఫ్టు తెరుచుకుంది. నరసింహప్ప గారు బయటికి అడుగుపెట్టారో లేదో, ముందు వరుసలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న పెద్దావిడ తల తిప్పింది. వాళ్ళ వీధి రత్నమ్మట. కిరణ్మయి వాపు చేతుల్ని చున్నీ కింద దాచేసుకుంది.

"ఏం నరసింహప్పా, నువ్వేంది ఈడ? ఎవురికి బాగలేదు?"

ఆయన కూతురి వైపు చూశాడు. నీళ్ళు కారుతున్న నా వైపు చూశాడు.

"నా కూతురికి చేతులు, నా అల్లుడికి నడుం," అన్నాడు, హాలంతా వినబడేలా. "ఇద్దురినీ చూపించుకోని పోదామని వచ్చినా. రోంత జరుగు రత్నమ్మా, కూచుంటా."