పక్క సీటు పంతులమ్మ

“క్లచ్ మీంచి కాలు తియ్యండి.”

“తీశానండీ.”

“తియ్యలేదు. నాకు వినిపిస్తోంది.”

“కాలు వినిపిస్తుందా?”

“ఇంజన్ వినిపిస్తుంది. పాపం, ఏడుస్తోంది.”

కొండ మీది చెక్క ఇంటి నుంచి బయల్దేరి పావుగంట కూడా కాలేదు. లోయ అందాలు చూపించే ఘాట్ రోడ్డు ఇంకా పద్దెనిమిది మలుపులుంది. ఆమె అప్పటికే నాలుగుసార్లు దేవుణ్ణి తలుచుకుంది.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఎనిమిదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఊళ్ళో సగంమందికి బండి నేర్పింది. ఇప్పుడు నడుపుతున్నతను అక్క మరిది, కళ్ళద్దాల షాపు అతనిదే. చలికాలం మూడు రోజులు మంచులో గడుపుదామని అక్కా బావా ఆ చెక్క ఇల్లు తీసుకుని, వీళ్ళిద్దర్నీ లాక్కొచ్చారు. తీరా పొద్దున కారెక్కే సమయానికి అక్కకి మోకాలి నొప్పి, బావకి ఆ మోకాలిని కనిపెట్టుకుని ఉండే బాధ్యత వచ్చిపడ్డాయి.

“సాయంత్రానికి అవునో కాదో తేల్చెయ్యవే,” అంది అక్క ఆమెను పొయ్యి దగ్గరికి లాగి. “రేపు మా అత్తగారు మా మరిదికి ఇంకో సంబంధం చూడ్డానికి వెళ్తున్నారు. అబ్బాయి ఆర్నెల్లు నీకోసం ఆగాడు. ఆవిడ ఆగరు.”

అవునందామనే ఆమె బయల్దేరింది. కొత్త ఊదారంగు స్వెట్టరు కూడా వేసుకుంది. కానీ మూడో మలుపులో ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. స్టీరింగే నమ్మి ఇవ్వలేని మనిషికి ఇంకేం నమ్మి ఇవ్వాలి?

అతను మలుపు రాగానే రెండుసార్లు హారన్ కొట్టి, క్లచ్ అదిమి, కారుని వాలుకి వదిలేస్తున్నాడు.

“అలా జారనివ్వకూడదండీ! ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి.”

“అలాగేనండీ.” మళ్ళీ అదే పని.

“డ్రైవింగ్ వచ్చని మా అక్కతో మీరేగా చెప్పింది?”

“లైసెన్సుందండీ. ఏడేళ్ళయింది.”

“నడిపి ఎన్నాళ్ళయింది?”

“మీరు మాట్లాడిస్తే లెక్క తప్పుతుంది,” అని అతను గొణుక్కున్నాడు. “అద్దం, హారన్, క్లచ్, మలుపు.”

ఆమె గిరుక్కున అతని వైపు తిరిగింది. ఆ పాఠం ఆమెకు తెలుసు. తమ స్కూలుకి ఎదురుగా ఉన్న స్కూల్లో మాస్టారు శిష్యులచేత వల్లె వేయించే పాఠం అది. ఆయన చెడగొట్టిన వాళ్ళని మళ్ళీ దారిలో పెట్టడానికి ఆమెకు ఒక్కొక్కరికి నెల పడుతుంది.

“కారాపండి.”

రోడ్డు కాస్త వెడల్పయిన చోట అతను ఆపాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది.

“ఎదురు మాస్టారి దగ్గర నేర్చుకున్నారా?”

“ఈమధ్యే, పన్నెండు రోజులు,” అన్నాడతను నేరస్థుడిలా. “పొద్దున్నే, షాపు తెరిచేలోపు.”

“మా స్కూలు గోడ మీద నా ఫోటో ఉంది! చేతిలో స్టీరింగుతో! అది దాటుకుని మరీ ఆయన దగ్గరికి వెళ్ళారా?”

“తల దించుకుని దాటానండీ.”

“ఎందుకు?”

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “మీరు మా షాపుకి వచ్చారు గుర్తుందా? దూరపు చూపుకి అద్దాలు చేస్తానంటే, ‘ముందున్న బండి నంబరు కనిపిస్తే చాలు, అంతకన్నా దూరంతో నాకు పనిలేదు’ అన్నారు. ఎక్కడికెళ్ళినా మీరే నడుపుతారు, లేదంటే నడిపేవాళ్ళని కాపలా కాస్తారు. ఒక్కరోజైనా మీరు కిటికీలోంచి చూడాలనుకున్నాను. మీ దగ్గరే నేర్చుకుంటే మళ్ళీ మీకు అదే ఉద్యోగం కదా?”

ఆమె కిటికీ వైపు తిరిగింది.

లోయ అంతా తెల్లగా ఉంది. అడుగున గడ్డకట్టిన వాగు, దాని పక్కన ఒక్క ఇల్లు, ఆ ఇంటి పొగ. పైన ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్న కొండలు. ఎన్నిసార్లు ఇలాంటి రోడ్ల మీద వెళ్ళలేదు! తెల్లగీత తప్ప ఏమీ గుర్తులేదు.

“బాగుంది,” అంది.

“నా డ్రైవింగా?”

“కొండలు!”

అతను నిట్టూర్చి తాళాలు ఆమె ముందుకు చాపాడు. “మీరే నడపండి. వదినకి నేను చెప్తాలెండి, కాదన్నారని. మీ మీదికి రాకుండా.”

ఆమె తాళాల్ని అతని చేతిలోకే తోసింది.

“నేనేమన్నానో మీరే చెప్పేస్తారా? స్టార్ట్ చెయ్యండి. రెండో గేర్లో మెల్లగా దిగండి. వాలులో మళ్ళీ క్లచ్ తొక్కారంటే మాత్రం పెళ్ళి కాన్సిల్.”

అతను తాళం తిప్పబోయి ఆగాడు. ముఖం చేటంత అయింది.

“అంటే పెళ్ళి ఉందన్నమాటేగా? వదినకి ఫోన్ చెయ్యనా? అమ్మతో రేపు వెళ్ళొద్దని చెప్పమననా?”

“నేను చేస్తాను. మీరు ముందు రోడ్డు చూడండి,” అంది ఆమె, కొండల మీంచి చూపు తిప్పకుండానే.