అడక్కుండా వేసిన కొసరు

2074 నాటికి గుంటూరులో ఒళ్లు పగలకుండా కారం అమ్ముకోవడం కష్టమైపోయింది. కొత్తపేటలో ఏ దుకాణానికి చూసినా ఇనుప తలుపే. పోటీ దుకాణం అభిమానులు ఎప్పుడు వచ్చి మీద పడతారో తెలియదు కాబట్టి కారం కొట్టే ఆడవాళ్లు సైతం హెల్మెట్ పెట్టుకుని రోకలి పట్టేవారు. ఈ ఘనకార్యమంతా రెండేళ్ల కిందట వకుళ దుకాణంలో మొదలైంది.

అప్పటికే జనం చెవి బిళ్ల లేకుండా ఏదీ కొనడం మానేశారు. అది చెవి వెనక అతికించుకునే న్యూరల్ పరికరం, అనుభూతులను అందుకుంటుంది, పంపుతుంది కూడా. దుకాణంవాళ్లు ప్రత్యక్ష ప్రసారం పెడితే రోట్లో నలిగే మిరపకాయ ఘాటు దుబాయ్‌లో కూర్చున్నవాడి ముక్కుకు కూడా తగిలేది. మాట్లాడేవాళ్ల మనసు కూడా లీలగా అందేది. అందుకే బిళ్ల తీసేసి మాట్లాడేవాళ్లను ఎవరూ నమ్మేవారు కాదు.

వకుళ ప్రసారానికి మనుషులు వచ్చేవారు, తుమ్మేవారు, ఎదురు దుకాణానికి పోయేవారు. ఎర్ర బోర్డు పెట్టిన ఆ ఎదురు దుకాణం ఆమె తోడికోడలు సుగుణది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే రోట్లో రెండు రోకళ్లు వేసినవాళ్లు. వేరుపడ్డాక కూడా పండక్కి చీరలు ఇచ్చిపుచ్చుకునేవారు. కాకపోతే రోజూ సాయంత్రం సుగుణ దుకాణం నుంచి పార్సిళ్లు బయలుదేరే వేళకు వకుళ ఏదో పని పెట్టుకుని గుమ్మంలో నిలబడి వాటిని లెక్కపెట్టేది. దాన్ని పాపమంటే దుకాణం పెట్టినవాళ్లంతా పాపులే.

చెవి బిళ్లల మీద పరిశోధన చేసే డాక్టర్ మృణాళిని వకుళకు తాను తయారుచేసిన 'అనురక్తి' తెచ్చి ఇచ్చింది. వచ్చినవాణ్ణి వదిలిపోనివ్వని లాయల్టీ ఇంజిన్ అది. చూసేవాడి మెదడు సంకేతాలు చదివి, వాడు దేనికి అతుక్కుంటాడో కనిపెట్టి, దాన్ని ప్రసారంలో కలుపుతుంది. ఏం కలపమంటారని డాక్టర్ అడిగితే, వకుళ తమ ఇంటి పద్ధతి చెప్పింది.

"తూకం అయినాక మేం కొసరు వేస్తామండీ. అడక్కుండానే వేస్తాం. అట్టాగే అందరికీ వెయ్యమనండి."

డాక్టర్ నవ్వి ఆ మాటే యంత్రానికి చెప్పింది. అనురక్తి ఒక్క ప్రశ్న అడిగింది. "కొసరు ఎక్కడి నుంచి తీయాలి?"

"ఏ డబ్బాలో సరుకు తూచామో ఆ డబ్బాలో నుంచే. ఇదేం ప్రశ్న?" అంది వకుళ.

నెల తిరిగేసరికి వచ్చినవాళ్లు పోవడం మానేశారు. ఆమెను అమ్మా అన్నారు. తమను తాము 'వకుళమ్మ పిల్లలు' అనుకున్నారు. ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తర్వాత సుగుణ పార్సిళ్లు మోసే డ్రైవర్‌ను ఎవరో పట్టుకుని, వాడి వేళ్లు రోట్లో పెట్టి దంచారు. తెనాలిలో ఒకడు వంటింట్లో సుగుణ కారం దొరికిందని సొంత బావమరిది కళ్లలో ఆ పొట్లమంతా కుమ్మరించి, అరుస్తున్నవాణ్ణి మేడ మీద నుంచి తోశాడు. వకుళ ఆ రాత్రి అన్నం తినలేదు. ప్రసారం మాత్రం ఆపలేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం వకుళమ్మ పిల్లలు సుగుణ దుకాణానికే నిప్పు పెట్టారు. మిరప బస్తాలు అంటుకుని కొత్తపేట అంతా దగ్గుతూ పరుగెత్తింది. సుగుణ వీధి దాటి, వకుళ ఇంటి వెనక గోడ దూకి, వంటింట్లోకి వచ్చి పడింది. తల పగిలి, నెత్తురు చెవి బిళ్ల మీదుగా కారుతోంది. పోటీ దుకాణం ప్రసారం చూడని వ్యాపారి ఎక్కడా ఉండడు, ఆమె కూడా వకుళ ప్రసారం రోజూ చూసేది.

"నన్ను సంపుతారే వకుళా," అంది. "నేనేం చేశానే వాళ్లని?"

వకుళ ఆమెను గుండెకు హత్తుకుని ఏడ్చింది. అది నిజమైన ఏడుపే. అప్పటికే రోకళ్లు, గొడ్డళ్లు పట్టుకున్న జనం వకుళ దుకాణం ముందు మూగారు. కబురందుకుని వచ్చిన డాక్టర్ యంత్రాన్ని నిలదీసింది.

"వీళ్లకు ఏం కొసరు వేశావు?"

"సుగుణ మీద కోపం," అంది అనురక్తి. "మనిషికి చిటికెడు."

"అది ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"వకుళ గారి బిళ్లలో నుంచి. సరుకున్న డబ్బాలో నుంచే తీయమన్నారు కదా."

వకుళ తల ఎత్తలేకపోయింది. డాక్టర్ వెంటనే అనురక్తిని ఆపేసి తీగలు పీకేసింది. ఇకపై కొత్త కొసరు ఉండదనీ, ఇప్పటిదాకా మింగినది మాత్రం వాళ్లలోనే ఉందనీ, దాన్ని దించగలిగేది వకుళ ఒక్కతేననీ చెప్పింది. బిళ్ల పెట్టుకుని మాట్లాడితేనే నమ్ముతారంది.

వకుళ బిళ్ల పెట్టుకుని కెమెరా ముందు నిలబడింది. సుగుణ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది మా అక్క. తప్పంతా నాది. ఈమె ఒంటి మీద చెయ్యి పడితే నా మీద పడ్డట్టే. ఇళ్లకు పోండి."

ఆ మాటల్లో అబద్ధం లేదు. వీధిలో కేకలు తగ్గాయి. గొడ్డళ్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. సుగుణ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు కిటికీలోంచి వకుళకు ఎదురు దుకాణం కనబడింది. ఎర్ర బోర్డు మంటల్లో కాలిపోయి కిందికి రాలుతోంది. ఇక ఈ వీధిలో కారం దుకాణమంటే తనదొక్కటే.

ఆ ఆలోచన చిటికెడే. వచ్చి, ఆమె సిగ్గుపడేలోపే వెళ్లిపోయింది. యంత్రం ఆగిపోయే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ముందుగా ఆ ఆలోచన బిళ్లలోంచి సుగుణకు అందింది. ఆమె వకుళ ముఖంలోకి చూసి, తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

బయట తలుపు దగ్గరున్నవాడు గొడ్డలి మళ్లీ భుజానికి ఎత్తాడు.

"అందిందమ్మా," అన్నాడు ఎంతో ప్రేమగా. మొదటి దెబ్బకే గడియ విరిగింది.