మేకచెవుల సారు

ఇనప గనుల ఊరు బచేలిలో ఆ రోజు వాన దంచి కొడుతోంది. బైలడిల కొండ మీంచి దిగిన ఎర్రనీళ్ళు రోడ్డంతా తమదే అన్నట్టు పారుతున్నాయి. ఆ నీళ్ళలో ప్యాంటు మోకాళ్ళదాకా తడుపుకుని, 'బచత్ బారాత్' అనే చవక సరుకుల దుకాణంలోకి ఒక కుర్రాడు సొంతింటికి వచ్చినంత ధీమాగా నడిచి వచ్చాడు. బిల్లింగ్ కౌంటర్లు దాటాడు. 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉన్న తలుపు కూడా దాటబోయాడు.

"హలో మిస్టర్! ఎక్కడికండీ ఆ వెళ్ళడం?"

వెనక్కి తిరిగాడు. దుకాణం వాళ్ళ పసుపు కోటు వేసుకున్న అమ్మాయి తడి గొడుగును కర్రలా పట్టుకుని నిలబడి ఉంది. కోటు మీద 'రామతులసి, మేనేజర్' అని ఉంది. ఆ కళ్ళు చూసి కుర్రాడు వచ్చిన పని ఒక్క క్షణం మరిచిపోయాడు.

"రాయపూర్ హెడ్డాఫీసు నుంచి. సర్వర్ చూడాలి," అన్నాడు తేరుకుని.

"ఐడీ కార్డు?"

"హోటల్లో మర్చిపోయాను."

"అయ్యో పాపం! రండి సార్. సర్వర్ లోపలే ఉంది."

ఎంతో మర్యాదగా తలుపు తీసింది. అతను అడుగు పెట్టగానే వెనక తలుపు మూసుకుంది, బయట గడియ పడింది. లోపల సర్వర్ లేదు, ఉల్లిపాయల బస్తాలున్నాయి.

"మేడమ్! ఏంటిది?" తలుపు బాదాడు.

"ఫోన్ చేసి కనుక్కుంటాను సార్. నిజంగా హెడ్డాఫీసు వారైతే దండం పెట్టి వదిలేస్తా. కాకపోతే ఠాణా పక్క వీధిలోనే ఉంది."

ఫోన్ చేద్దామంటే వానకి నెట్‌వర్క్ పోయింది. అది ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

నిజానికి అతను హెడ్డాఫీసు మనిషి కాడు. పేరు రామ్. విశాఖపట్నంలో ఒక కంపెనీలో సైబర్ సెక్యూరిటీ ఆడిటర్. దుకాణాల కంప్యూటర్లకి తాళాలు గట్టిగా ఉన్నాయో లేదో, అక్కడి మనుషులు మోసగాళ్ళ మాటలకి పడిపోతారో లేదో చూడడం అతని ఉద్యోగం. రాయపూర్‌లోని పెద్ద వ్యాపారి ఒకాయన బచత్ బారాత్‌నీ, దాని పోటీదారు 'కిఫాయతీ కోఠీ'నీ కలిపి కొంటున్నాడు. రెండు దుకాణాలూ ఉన్న ఊళ్ళో ఏది భద్రంగా ఉంటే అది ఉంటుంది, రెండోది మూసేస్తారు. ఆ పోలిక చూసి చెప్పడానికే రామ్ వచ్చాడు.

ఆ ఉదయం ఇదే అబద్ధం కోఠీలో కూడా చెప్పాడు. అక్కడ వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. మేనేజరు కుర్చీ వేసి, సమోసా తెప్పించి, తన కంప్యూటరే ముందుకి తోశాడు. అందుకే ఇప్పుడు ఉల్లిపాయల మధ్య కూర్చున్న రామ్‌కి కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. తలుపు పరీక్షలో ఈ అమ్మాయికి నూటికి నూరు వేసేశాడు.

సరిగ్గా అప్పుడే బయట నుంచి ఆమె కేక వినపడింది. తెలుగు కాదు, హిందీ కాదు. దొర్లి.

"ఉంగా! ఈ వారం ఎర్రచీమల పచ్చడి!"

"ఎర్రచీమల పచ్చడేనా అక్కా? ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలిగా?" దుకాణం ఆ చివర నుంచి క్యాషియర్ ఉంగ అంతకన్నా గట్టిగా అరిచాడు.

టకటకా కీబోర్డుల చప్పుడైంది. రామ్ తల పట్టుకున్నాడు. అది వంట సంగతి కాదు, పాస్‌వర్డు! దొర్లి ఉసూరు, కోంట వైపు అడవి పల్లెల భాష. బచేలి టౌన్‌షిప్‌లో ఆఫీసర్లకి గానీ, రాయపూర్ వాళ్ళకి గానీ ఒక్క ముక్క రాదు. అందుకని ఆ దుకాణంలో రహస్యాలన్నీ దొర్లిలోనే, అదీ గొంతు చించుకుని.

"లోపలున్నది ఎవరక్కా?"

"ఎవడో మేకచెవుల సారు. చూపు మాత్రం బాగానే ఉందిలే."

ఆ చీకట్లో రామ్ తన చెవులు తడుముకున్నాడు.

ఎందుకంటే అతనికి దొర్లి వచ్చు. పుట్టింది ఉసూరు దగ్గర ఆవపల్లిలో. అసలు పేరు రామనర్సయ్య, తాత పేరు. చదువుకోడానికి విశాఖ వెళ్ళిన మొదటిరోజు హాస్టల్లో ఎవరో "ఆవపల్లా? అడివా?" అని నవ్వితే, ఆ సాయంత్రానికల్లా వైజాగ్ రామ్ అయిపోయాడు. అప్పటి నుంచి ఆ మాట మార్చలేదు.

నెట్‌వర్క్ వచ్చాక విశాఖలో అతని బాసు చక్రధరరావు ఫోన్లో రామతులసికి అసలు సంగతి చెప్పాడు. గడియ తీశారు.

"సారీ సార్," అంది రామతులసి, సారీ ఎక్కడా కనపడని మొహంతో. "ఉల్లిపాయలు ఎలా ఉన్నాయి?"

"కన్నీళ్ళొచ్చాయండి."

"మీదేవూరు?"

"వైజాగ్," అన్నాడు రామ్ అలవాటుగా.

ఆ తర్వాత అతను ఆ దుకాణానికి రోజూ వచ్చాడు. కోఠీలో పని పూట పూర్తికాకుండానే అయిపోయేది. ఇక్కడ మాత్రం ఒకే కంప్యూటర్‌ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాల్సి వచ్చేది.

"ఏంటి సార్, నిన్న చూసిన కంప్యూటరే మళ్ళీ చూస్తున్నారు? దానికేమైనా జొరమా?"

"వైరస్ ఉందేమోనని అనుమానం."

"దానికా, మీకా?"

తెలుగులో ఇలా ఏడిపించి, వెంటనే ఉంగ వైపు తిరిగి దొర్లిలో ఇంకో రెండు వేసేది. సారు నడుస్తుంటే వానలో కోడిపుంజులా ఉన్నాడనేది. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుందని కూడా అనేది. రామ్ ఏమీ అర్థం కానట్టు టీ తాగుతూ ఉండేవాడు. ఆ సొట్ట మాట విన్న రోజు రెండు కప్పులు ఎక్కువ తాగాడు. ఆ సోమవారం రామతులసి కొత్త పాస్‌వర్డు అరిచింది: "మేకచెవుల సారు!" దుకాణమంతా అతని చెవుల్ని కీబోర్డుల మీద టకటకా కొట్టింది.

తనకి దొర్లి వచ్చని చెప్పేయొచ్చు. మొదట్లో పరీక్ష కదా అని చెప్పలేదు. తర్వాత వినడం బాగుందని చెప్పలేదు.

కానీ ఒక సాయంత్రం ఆమె అన్నది మాత్రం ఆటపట్టించడం కాదు.

"మా నాన్న దసరాకి గని నుంచి రిటైరవుతాడు ఉంగా. కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఈ కొట్టుంటే నా జీతంతో ఇక్కడే అద్దెకి ఉంటాం. లేకపోతే అందరం నాన్న సొంతూరు విజయనగరం పోవాలి. అక్కడ నాకెవరు తెలుసు? నేను పుట్టింది ఈ ఊరి ఆస్పత్రిలో. ఇప్పుడు నా ఊరు ఆ మేకచెవుల సారు చేతిలో ఉంది."

రామ్ టీ కప్పు పక్కన పెట్టేశాడు. ఆ మాట తనతో చెప్పింది కాదు. వినకూడనిది విన్నానని మొదటిసారి సిగ్గేసింది.

ఆఖరి పరీక్ష దొంగ ఫోన్. హెడ్డాఫీసు పేరుతో ఫోన్ చేసి పాస్‌వర్డు అడగాలి. కోఠీ మేనేజరు అడిగిందీ చెప్పాడు, అడగని ఓటీపీ కూడా చెప్పాడు. ఇక బారాత్ వంతు. గెస్ట్‌హౌస్ గదిలో రామ్ గొంతు మార్చి, బరువైన హిందీలో సిస్టమ్ అప్‌డేట్ గురించి దంచాడు.

"ఒక్క నిమిషం సార్," అంది రామతులసి. ఉన్నట్టుండి దొర్లిలోకి మారి, "ఈ పూట ఏం తిన్నావు?" అని అడిగింది.

అది ఆ దుకాణం పద్ధతి. తెలియని ఫోన్ వస్తే దొర్లిలో ఒక ప్రశ్న వేస్తారు. అవతలివాడు బిక్కమొహం వేస్తే పెట్టేస్తారు. రామ్ కూడా బిక్కమొహం వేయాల్సిందే. కానీ ఆవపల్లిలో పక్కింటి దొర్ల తెగ అవ్వ రోజూ పొద్దుగూకే వేళ దడి మీంచి అడిగే ప్రశ్న అదే. రామనర్సయ్య చిన్నప్పుడు ఏ జవాబు చెప్పేవాడో అదే, తన అసలు గొంతుతో, నోట్లోంచి జారిపోయింది.

"జావ తాగిన అవ్వా."

రామ్ నాలుక కరుచుకున్నాడు.

"మేకచెవుల సారూ," అంది రామతులసి, మెల్లిగా. "మీరేనా?"

ఫోన్ కట్టయింది. వాన తగ్గకముందే ఆమె గెస్ట్‌హౌస్ వరండాలో ఉంది. గొడుగు చేతిలో ఉంది గానీ తెరవలేదు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అంతా విన్నారన్నమాట. మేకచెవులు, కోడిపుంజు, అన్నీ!"

"సొట్ట కూడా."

"నవ్వకండి! అవి పోనీండి. మా నాన్న సంగతి?"

రామ్ తల దించుకున్నాడు. "విన్నాను."

"నేను మీకు చెప్పానా అది? ఉంగతో చెప్పుకున్నాను. నా ఏడుపు నేను ఏడుస్తుంటే మీరు పక్కన కూర్చుని టీ తాగుతూ విన్నారు. అసలు ఎవరండీ మీరు? వైజాగ్‌లో దొర్లి ఎక్కడ నేర్పుతారు?"

"నాది వైజాగ్ కాదు." అతని గొంతులో ఊరి మాట వచ్చేసింది. "ఆవపల్లి. పేరు రామనర్సయ్య. అక్కడెవలికన్న చెప్తే 'ఆవపల్లేంది, అడివేంది' అని నవ్వుతరని ఇన్నేండ్లు చెప్పలే. మీకన్న చెప్పాల్సింది. తప్పు నాదే."

రామతులసి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కోపం పోలేదు, కానీ కొంచెం తడిసింది.

"మా కొట్టు పాసా, ఫెయిలా?"

"తలుపుకి, ఫోనుకి పాస్. పాస్‌వర్డుకి ఫెయిల్. దొర్లిలో అరిస్తే తాళం వేసినట్టేనా? రాయపూరోళ్ళకి రాదు సరే. మీ దగ్గర ఉప్పు, సబ్బులు కొనేటోళ్ళల్ల సగం మందికి అది ఇంటి భాష. వాళ్ళకి చెవులు లేవా?"

ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

"తప్పులు రెండు కొట్లకూ చెప్తం. దిద్దుకోడానికి టైమిస్తం. మళ్ళ చెకింగ్ ఉంటది. అది నేను చెయ్య. మా బాసుకి చెప్పేసిన."

"ఎందుకు?"

"మీ కొట్టు ఉండాలని మీకన్న నాకే ఎక్కువున్నది. అసొంటోడు మార్కులు వెయ్యొద్దు."

వరండా చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ఇది ప్రేమించానని చెప్పడమా, ఉద్యోగం మానేస్తానని చెప్పడమా?"

"మొదటిది. రెండోది బాసు చేతిలున్నది."

"నా జవాబు చెకింగ్ అయ్యాకే," అని గొడుగు తెరిచి, వానలోకి వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర మాత్రం ఒకసారి వెనక్కి చూసింది. రామనర్సయ్యకి ఆ రోజుకి అది చాలు.

కోఠీ మేనేజరు తప్పులన్నీ విని "అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారు," అని మళ్ళీ సమోసా తెప్పించాడు. బారాత్‌లో రామతులసి అందరినీ నిలబెట్టి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళే పెట్టుకోవాలనీ, కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదనీ ఆర్డరేసింది. "పెళ్ళాం లేదు కదక్కా," అన్నాడు ఉంగ. "వచ్చాక కూడా చెప్పకు!" అంది. మొదట్లో రోజుకొకరు మర్చిపోయి కౌంటరు ఆగిపోయేది. ఆమె కసిరేది, నేర్పేది, మళ్ళీ కసిరేది.

చక్రధరరావు వచ్చిన రోజు రామనర్సయ్య ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే అర్హత తనే వదులుకున్నాడు మరి. చేతిలో టీ చల్లారిపోయింది. ఆ దుకాణం మూసేస్తే ఆమె ఊరు పోతుంది. ఆమెతో పాటు తనకి ఇప్పుడిప్పుడే తిరిగి దొరికిన ఊరు కూడా పోతుందనిపించింది.

సాయంత్రానికి చక్రధరరావు బయటికొచ్చాడు. మొహం బిగించుకుని ఉన్నాడు.

"బెదిరించాను, బతిమాలాను, ఆ ఉంగ అనే కుర్రాడికి ఉద్యోగం ఇప్పిస్తానన్నాను. ఎవడూ నోరు విప్పడే! ఆఖరికి నీ గురించి అడిగినా ఆ అమ్మాయి పాస్‌వర్డు అడిగినట్టే చూసిందయ్యా." అప్పుడు నవ్వాడు. "పాస్. కోఠీ వాళ్ళే బోర్డు దించుకుంటారు."

గుమ్మంలో రామతులసి నిలబడి ఉంది. ఈసారి గొడుగు లేదు. "రామనర్సయ్య గారూ, రాత్రి భోజనానికి మా ఇంటికి రండి," అంది అందరూ వినేలా, తెలుగులో.

కంపెనీ క్వార్టర్‌లో ఆమె తండ్రి రాజేశ్వరరావు గుబురు మీసాలతో పీట మీద కూర్చుని ఉన్నాడు. తల్లి రమణమ్మ కోడికూర వడ్డిస్తోంది.

"ఏవూరు బాబూ మీది?"

"ఆవపల్లి అండి," అన్నాడు రామనర్సయ్య. "మా నాయన వరి పండిస్తడు." ఇన్నేళ్ళకి ఆ మాట తడుముకోకుండా వచ్చింది.

రాజేశ్వరరావు తలూపి అన్నం కలుపుకున్నాడు. రామతులసి నీళ్ళ చెంబు అందిస్తూ, మామూలు మొహంతో దొర్లిలో అంది:

"చెవులు ఎర్రబడ్డాయి. భయమా?"

"మీ నాన్న మీసాలు చూస్తే భయమే. అడగమంటావా?" అతనూ దొర్లిలోనే, కూర వంక చూస్తూ అన్నాడు.

"ముందు నన్నడుగు."

"నిన్నే అడుగుతున్నా. నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటా. ఇప్పుడు అన్నం తిను, అనుమానం వస్తుంది."

రాజేశ్వరరావు ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు. తర్వాత అచ్చమైన ఉసూరు యాసలో, దొర్లిలో అన్నాడు:

"ఆ చారు ఇటు పంపండి. మీసాలవాడు కూడా ఒప్పుకున్నాడు."

రామతులసి చేతిలో చెంబు జారిపోయింది. నీళ్ళన్నీ రామనర్సయ్య ఒళ్ళో పడ్డాయి.

"నాన్నా! నీకు దొర్లి వచ్చా?"

"గని మీద నాతో ఇన్నేళ్ళూ పన్చేసిన బీమాగాడు ఎవుడనుకున్నావు? ఉసూరోడు. ఆడు తెలుగు నేర్సుకోలేదు, నేనే ఆడి బాస నేర్సుకున్నాను. నీకు అయిదేళ్ళప్పట్నుంచీ నా ఎదటే ఆడి పిల్లల్తో దొర్లిలో గుట్లు సెప్పుకుంటన్నావు. ఇనడం సరదాగుండి నేనేటీ అన్లేదు." మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "కొట్టు పాసయ్యిందంట గానీ, మీరిద్దరూ మట్టుకు ఫెయిలు."

రామతులసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. గరిటె పట్టుకుని నిలబడ్డ రమణమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏటయింది? అందరూ నవ్వుతారేటి? నాకూ సెప్పండి!"

రామనర్సయ్య తడిసిన బట్టలతోనే లేచి నిలబడి, చేతులు జోడించాడు.

"అత్తమ్మా, మీ అమ్మాయిని నాకిస్తరా అని అడిగిన."

రమణమ్మ కూతుర్ని చూసింది, మొగుణ్ణి చూసింది, గరిటెడు కూర తెచ్చి అతని కంచంలో వేసింది.

"ఈ ముక్కకి అన్ని బాసలెందుకు నాయనా? కూసోని తిను, సల్లారిపోతాది."