కుడివైపు అవధి

గుమ్మం దాటుతూ మంగతాయారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పిన్నిగారితో "వెళ్ళొస్తానండీ" అనబోయింది. కానీ మణికట్టు మీది మాటకడియం వింటోంది. వెళ్ళొస్తానంటే తిరిగి వస్తానని మాట ఇచ్చినట్టే దాని లెక్క. పొద్దుపోయేలోగా రాకపోతే మాట తప్పినట్టు రాసుకుంటుంది. ఉత్తినే "వెళ్తున్నా" అనడం అశుభమని పెద్దవాళ్ళు నేర్పారాయె, అదీ అనలేరు. అందుకని ఆ ఊళ్ళో జనం కొన్నేళ్ళుగా ఓ తల ఊపు ఊపి, దొంగల్లా ఇళ్ళలోంచి బయటపడుతున్నారు.

మాటకడియం వచ్చిన కొత్తలో జనం దానికి హారతి పట్టారు. మనిషి ఇచ్చిన ప్రతి మాటనూ అది వింటుంది. నెరవేరిందో లేదో కనిపెడుతుంది. ఏడాదిలో నిలబెట్టుకున్న మాటలను ఇచ్చిన మాటలతో భాగించి, వందకు ఎంతో మణికట్టు మీద వెలిగిస్తుంది. ఆ అంకె పేరు నిలకడ. ఇల్లు అద్దెకు కావాలన్నా, కొలువు కావాలన్నా, పెళ్ళి చేసుకోవాలన్నా ముందు నిలకడ చూపించాలి. పెళ్ళిచూపుల్లో అబద్ధాలు తగ్గాయి, నిజమే. దాంతోపాటు మాటలూ తగ్గాయి. "సోమవారం ఇస్తాను" అనే దర్జీలే లేరు. "గుడ్డ కుట్టబడును" అని బోర్డు పెట్టుకుని, ఎప్పుడని అడిగితే ఆకాశం వైపు చూస్తున్నారు.

నిలకడ కేంద్రం మెట్ల మీద దొరబాబు అప్పటికే కూర్చుని ఉన్నాడు. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే మనిషి, యాభై దాటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కానీ పై గుండీ పెట్టుకోవడం మరిచాడు. తాయారును చూసి లేచి నిలబడ్డాడు.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇందాకేనండి."

"లోపల తేజ ఏమన్నాడు?"

దొరబాబు మణికట్టు చూపించాడు. అంకె ఉండాల్సిన చోట ఒక్క పదం వెలుగుతోంది: అనిర్ధారితం.

తాయారు ఆ పదాన్ని రెండుసార్లు చదివింది. తామిద్దరి పెళ్ళి దరఖాస్తు గడువు ఆ సాయంత్రంతో సరి. దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, అందరూ నవ్వుతారేమోనని ఆరు నెలలు తటపటాయించి, చివరికి నవ్వితే నవ్వనీ అనుకుని పెట్టిన దరఖాస్తు అది. ఇంకో ఏడాది ఆ ధైర్యం నిలుస్తుందో లేదో తనకే తెలియదు.

లోపల బల్ల వెనక అధికారి తేజోమూర్తి, ఒకప్పుడు ఇంటర్లో ఆమె దగ్గర లెక్కలు చదివినవాడే, లేచి నిలబడి తల గోక్కున్నాడు.

"నన్నేం చెయ్యమంటారు మేడం? ఈయన ఏడాదిగా ఎవరికీ ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఇచ్చినవి సున్నా, నిలబెట్టుకున్నవి సున్నా. సున్నా బై సున్నా. యంత్రం చేతులెత్తేసింది."

"సున్నా బై సున్నాకి విలువ లేదని నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారు కదండీ."

"అక్కడ ఆగిపొమ్మని చెప్పలేదు నాయనా. నువ్వు అవధుల పాఠం ఎగ్గొట్టి పాసయ్యావు, నాకు బాగా గుర్తుంది." కుర్చీ లాక్కుని కూర్చుంది తాయారు. "నువ్వు బండి మీద వచ్చావా? వేగం చూపించే ముల్లు ఉందా దానికి?"

"ఉందండి."

"సరిగ్గా ఒక్క క్షణంలో నీ బండి ఎంత దూరం పోతుంది? సున్నా. ఎంత కాలం పడుతుంది? సున్నా. సున్నా బై సున్నా అని ముల్లు చేతులెత్తేసిందా? నలభై అని చూపించింది. ఆ క్షణానికి కాస్త ముందు ఎంత దూరం, ఎంత కాలం, ఇంకాస్త దగ్గరికి జరిగితే ఎంత, అని చూస్తూ పోతే లెక్క ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది. ఆ మొగ్గే అవధి. సున్నా దగ్గర నిలబడి సున్నాని అడిగితే ఏం చెబుతుంది? ఏ దారిన అక్కడికి వచ్చిందో చూడాలి. ఈయన పాత నెలలు తియ్యి."

ఆ మాట అనేసింది కానీ తాయారుకు లోపల బెదురుగానే ఉంది. సున్నా బై సున్నా వందైనా కావచ్చు, పదైనా కావచ్చు. దొరబాబు మాట మీద నిలబడే మనిషని ఆమె నమ్మకం. నమ్మకం వేరు, లెక్క వేరు.

తెర మీద గీత వెలిగింది. మొదట అది నిటారుగా కిందికి పడింది. ఒక నెలలో నిలకడ నలభైకి దిగిపోయింది.

"ఇదేంటండీ?" అన్నాడు తేజ.

దొరబాబు నేల చూపులు చూశాడు. "వరదప్పుడండి. లంకలో జనం ఉండిపోయారు. సగం మందిని ఎక్కించుకుని, వీళ్ళని దింపేసి వెళ్ళొస్తానని మిగతావాళ్ళకి చెప్పానండి. ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని చెప్పాను. ఇవతలికొచ్చేసరికి నీళ్ళు పెరిగిపోయాయి. పంటు తియ్యనివ్వలేదు. హెలికాప్టర్ వాళ్ళు తెచ్చేశారు లెండి, అందరూ బాగానే ఉన్నారు. కానీ నేను వెళ్ళలేదు కదండి. మనిషికో మాట తప్పినట్టు రాసుకుంది కడియం. రాసుకోవడం కాదండి నా బాధ. అక్కడ ముసలమ్మ ఒకావిడ, గట్టున నిలబడి నా పంటు కోసం చూసిందంట."

ఆ తర్వాత గీత మెల్లగా లేచింది. నెలనెలా మాటలు తగ్గాయి. తప్పినవి అంతకంటే వేగంగా తగ్గాయి. తొంభై, తొంభై ఐదు, తొంభై తొమ్మిది. భిన్నంలో పైనా కిందా రెండూ సున్నా వైపు జారుతున్నాయి, నిష్పత్తి మాత్రం వంద వైపు పోతోంది.

"పైనా కిందా ఒకే కారణాంకం ఉంది తేజా. దాని పేరు భయం. అదే రెంటినీ సున్నా చేసింది. దాన్ని కొట్టేస్తే మిగిలేది మనిషి," అంది తాయారు.

మాటలున్న చివరి నెలలో ఒకే ఒక్క మాట ఉంది. తేజ పైకి చదివాడు: "'రేపు మీ గొడుగు తెచ్చిస్తానండి.' నిలబెట్టుకున్నారు."

తాయారుకు ఆ గొడుగు గుర్తొచ్చింది. పంటులో మరిచిపోయిన నల్లగొడుగు. మర్నాడు జోరువానలో, గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, తడిసి ముద్దయి వచ్చి ఇచ్చాడు. వేసుకోవచ్చు కదా అంటే, అది మీదండి అన్నాడు. అదే అతను ఈ లోకానికి ఇచ్చిన ఆఖరి మాట అని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమె గుమ్మంలోకి చేపలొచ్చాయి, పాడైన పంపు బాగైంది, జ్వరం వస్తే మందులొచ్చాయి. ముందుగా ఒక్క మాట లేదు. "అలాగే" అని కూడా అనేవాడు కాదు, "ఊఁ" అనేవాడు.

"వంద," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అవధి వంద. రాసుకో."

తేజ రాయలేదు. ఇబ్బందిగా కదిలాడు.

"మేడం, నేను ఎగ్గొట్టింది ఆ పాఠంలో సగమేనండి. ఎడమవైపు నుంచి వచ్చే అవధి ఒక్కటే చాలదన్నారు కదా మీరు. కుడివైపు నుంచీ అదే రావాలి. యంత్రం కూడా అదే అడుగుతోంది." తెర మీద ఖాళీ గడి చూపించాడు. "ఇది నిన్నటి దాకా. రేపటి వైపు నుంచి ఏముంది? ఒక్క మాటైనా ఉండాలి. ఇచ్చి, నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకుంటే రెండువైపులా వంద. తప్పితే ఎడమ వంద, కుడి సున్నా. అప్పుడు అవధే లేదు."

తాను నేర్పిన విద్య తన మీదికే వచ్చింది. తాయారుకు కోపం రాలేదు, కొద్దిగా గర్వం కూడా కలిగింది. కానీ దొరబాబు ముఖం పాలిపోయింది.

"ఏదో చిన్నది చెప్పండి," అన్నాడు తేజ. "మంచినీళ్ళు తాగుతాననండి, తాగేయండి."

"వద్దు," అంది తాయారు. "ఆయన ఇష్టం."

గోడ గడియారం ప్రకారం కార్యాలయం మూసే వేళకి ఇంకా గంటకు పైనే ఉంది. దొరబాబు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరికి లేచి, మరిచిన పై గుండీ పెట్టుకుని, గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాడు.

"టీచరుగారూ, వెళ్ళొస్తానండి."

కడియం టింగుమంది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తాయారు కూర్చునే ఉంది. తేజ కాగితాలు సర్దాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ సర్దాడు. నౌకరు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు. భయపడి పారిపోయాడా? పోతే తప్పు అతనిదా, తనదా? మంచినీళ్ళు తాగమంటే పోయేది, అనుకుంది. తలుపు రెక్క కూడా ఒకటి మూశారు.

రెండో రెక్క మీద నౌకరు చెయ్యి వెయ్యబోతుంటే వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. దొరబాబు రొప్పుతూ లోపలికొచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసింది.

"వచ్చానండి."

హమ్మయ్య అన్నది తాయారు ఒక్కతే కాదు, తేజా అన్నాడు, నౌకరూ అన్నాడు. కడియం మీద వంద వెలిగింది. దాన్ని ఎవరూ చూడలేదు.

"ఎక్కడికెళ్ళారు? ప్రాణం పోయింది నాకు!"

"రేవుకండి. పంటు వేసుకుని లంక దాకా వెళ్ళాను. ఆ ముసలమ్మ అక్కడే ఉంటోంది. గట్టు మీద నిలబడి, 'వచ్చానమ్మా' అన్నాను. 'ఆలస్యమైంది నాయనా' అంది. నవ్విందండి." ఆ మాట చెబుతూ అతనూ నవ్వాడు. ఆ నవ్వు తాయారు ఎప్పుడూ చూడలేదు.

సంతకాలయ్యాయి. బయట ఎండ తగ్గి, గోదావరి మీదుగా చల్లగాలి వస్తోంది. గుమ్మం దాటుతూ ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి, అనుకోకుండా ఒకే మాట అన్నారు.

"వెళ్ళొస్తాం బాబూ!"

రెండు కడియాలూ టింగుమన్నాయి. తేజ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో మేడం, రాసేసుకుంది! ఇప్పుడు పొద్దుపోయేలోగా మళ్ళీ ఈ కచేరీకి రావాలి మీరు!"

"వస్తాం," అంది తాయారు. "భోజనానికి నిన్ను తీసుకెళ్ళడానికి వస్తాం. తలుపెయ్యకు."